వాచీ స్క్రీన్ ఊడితే తప్పెవరిది?

స్మార్ట్‌వాచ్ స్క్రీన్ ఊడి వచ్చిందని సర్వీస్ సెంటర్‌కి వెళ్తే మాటలు దాదాపు ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తాయి. ‘కింద పడిందా అండీ?’ అని కౌంటర్‌లో అడుగుతారు. ‘లేదండీ, రాత్రి చార్జింగ్ పెట్టాను, పొద్దున చూస్తే ఒక పక్క పైకి లేచి ఉంది’ అంటాం. వాచీ లోపలికి వెళ్తుంది. కొన్ని రోజులకు మెసేజ్ వస్తుంది: ‘ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు, రిపేరుకు ఇంత అవుతుంది’. ఆ ‘ఇంత’ చాలాసార్లు కొత్త వాచీ ధరకు దగ్గర్లోనే ఉంటుంది. గొడవ అక్కడ మొదలవుతుంది.

స్క్రీన్ ఊడిందన్న విషయంలో ఇద్దరికీ అనుమానం లేదు. ఎందుకు ఊడిందన్న దగ్గరే పేచీ. వారంటీ కాగితం కూడా కారణం గురించే మాట్లాడుతుంది. తయారీలోనో, వాడిన సరుకులోనో లోపం ఉంటే కంపెనీ భరిస్తుంది. దెబ్బ తగిలినా, వాడకూడని విధంగా వాడినా భరించదు. అంటే చూడటానికి ఒకేలా ఊడిన రెండు వాచీల్లో ఒకటి ఉచితంగా బాగవుతుంది, ఇంకోదానికి జేబులోంచి డబ్బు తీయాలి. కారణం తాలూకు ఆనవాళ్లు వాచీలోనే ఉంటాయి గానీ ఎక్కువ కాలం నిలవవు. స్క్రీన్‌ని వెనక్కి నొక్కినా, పాత జిగురు గీకేసినా, బ్యాటరీ మార్చేసినా అవి పోతాయి. అందుకే స్క్రీన్ ఊడిన మొదటి గంటలో మనం చేసే పని, ఆ తర్వాత నెల రోజులు చేసే వాదన కంటే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. ఆ గంటలో ఏం చూడాలో తెలియాలంటే ముందు వాచీ లోపలి సంగతి కొంచెం తెలియాలి.

స్క్రీన్‌ని పట్టి ఉంచేది జిగురే

చాలా స్మార్ట్‌వాచీల్లో స్క్రీన్‌కి స్క్రూలు ఉండవు. ఫ్రేమ్ అంచు చుట్టూ సన్నటి జిగురు పట్టీ ఉంటుంది, అద్దం దాని మీద కూర్చుంటుంది. స్క్రీన్‌ని కదలకుండా పట్టి ఉంచడం, లోపలికి నీళ్లు పోకుండా అడ్డుకోవడం, ఈ రెండు పనులూ ఆ పట్టీవే. స్క్రీన్ నుంచి లోపలి బోర్డుకు కాగితంలాంటి పల్చటి ఫ్లెక్స్ కేబుల్ వెళ్తుంది. చాలా మోడళ్లలో స్క్రీన్‌కి సరిగ్గా కిందే బ్యాటరీ ఉంటుంది. మధ్యలో ఖాళీ చాలా తక్కువ.

ఇక్కడే వాటర్ రెసిస్టెన్స్ గురించి ఒక మాట. ‘50 మీటర్ల వరకు’ అని పెట్టె మీద చూసినప్పుడు అది వాచీకి శాశ్వతంగా ఉండే గుణం అనుకుంటాం. చేతి గడియారాల నీటి నిరోధకతకు ఐఎస్ఓ 22810 అనే ప్రమాణం ఉంది. ఆపిల్ తన వాచీలకు చెప్పే 50 మీటర్ల లెక్క ఆ ప్రమాణం ప్రకారమే. కానీ ఈ గుణం శాశ్వతం కాదనీ, కాలం గడిచేకొద్దీ తగ్గవచ్చనీ అదే కంపెనీ చెబుతుంది. సబ్బు, షాంపూ, పెర్ఫ్యూమ్, సన్‌స్క్రీన్, దోమల మందు, ఆవిరి గదులు, కింద పడటం, ఇవన్నీ సీల్‌ని దెబ్బతీస్తాయని హెచ్చరిస్తుంది కూడా. ఈ హెచ్చరిక గుర్తుంచుకోవాలి. రేపు వివాదం వస్తే కంపెనీ చూపించే మొదటి కాగితం ఇదే.

స్క్రీన్ ఊడటానికి దారులు మూడు. లోపలి నుంచి బ్యాటరీ ఉబ్బి నెట్టడం, జిగురు దానంతటది పట్టు వదలడం, బయటి నుంచి దెబ్బ తగలడం. వీటిలో మొదటిదే ప్రమాదకరమైనది, రుజువు చేయడానికి తేలికైనదీ అదే.

బ్యాటరీ నెట్టినప్పుడు

స్మార్ట్‌వాచీలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఎక్కువగా మెత్తటి రేకు సంచిలో సీల్ చేసి ఉంటుంది. లోపలి ఎలక్ట్రోలైట్ విడిపోవడం మొదలైతే కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ లాంటి గ్యాసులు పుడతాయి. బయటికి పోయే దారి లేదు కాబట్టి సంచి ఉబ్బుతుంది. వయసు మీరడం, ఎక్కువ వేడి, తయారీలో లోపం, చార్జింగ్ నియంత్రణలో లోపం, సంచికి దెబ్బ తగలడం, ఏదైనా కారణం కావచ్చు. ఉబ్బు కొద్దిగానే ఉన్నా సరే, పైన ఖాళీ లేదు కాబట్టి భారమంతా జిగురు మీద పడుతుంది. రోజుల తరబడి నెమ్మదిగా నెడుతూ ఉంటే జిగురు ఒక మూల వదిలేస్తుంది. చాలామంది ‘రాత్రికి రాత్రే ఊడిపోయింది’ అంటారు. ఊడింది ఆ రాత్రే కావచ్చు, నెట్టడం మాత్రం అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది.

ముందస్తు సూచనలు కొన్ని ఉంటాయి. స్క్రీన్ ఒక అంచున చీకట్లో సన్నటి వెలుతురు గీత కనబడుతుంది. టచ్ ఒక పక్క సరిగా పని చేయదు. చార్జ్ మామూలు కంటే త్వరగా దిగిపోతుంది. అద్దానికీ ఫ్రేముకీ మధ్య గోరు తగిలేంత మెట్టు వస్తుంది. ఇందులో ఏది కనిపించినా వాచీ వాడటం ఆపి, ఆ రోజే ఫొటో తీసి, కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది. ఊడక ముందు రాసిన ఒక్క మెయిల్, ఊడిన తర్వాత రాసే పది మెయిళ్ల కంటే బలంగా ఉంటుంది.

ఇది ఎవరో ఒకరిద్దరి అపోహ కాదు. ఆపిల్ సంస్థే 2018లో కొన్ని సిరీస్ 2 వాచీల్లో బ్యాటరీ ఉబ్బే సమస్య ఉందని ఒప్పుకుని వాటికి ఉచిత సర్వీసు గడువును కొన్నప్పటి నుంచి 3 ఏళ్లకు పెంచింది. 2021 డిసెంబరులో కాలిఫోర్నియాలో కొందరు కొనుగోలుదారులు అదే సంస్థ మీద కోర్టుకెక్కారు. బ్యాటరీ ఉబ్బడానికి లోపల తగినంత ఖాళీ వదల్లేదనీ, దాంతో స్క్రీన్ ఊడి, పదునైన అంచు చేతికి తగిలి లోతైన గాయమైందనీ వాళ్ల ఆరోపణ. స్క్రీన్ ఊడలేదు గానీ బ్యాటరీ ఎంత ప్రమాదమో చెప్పే ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2022 మార్చిలో ఫిట్‌బిట్ ఐయోనిక్ వాచీలను వెనక్కి పిలిచారు. బ్యాటరీ వేడెక్కడం వల్ల చర్మం కాలిందని అమెరికాలోనే 78 ఫిర్యాదులు వచ్చాయి. అక్కడ అమ్మినవి సుమారు 10 లక్షలు, మిగతా దేశాల్లో దాదాపు 6 లక్షల 93 వేలు.

బ్యాటరీ ఉబ్బి ఉంటే దానికి సంబంధించిన రుజువు కళ్ల ముందే ఉంటుంది. చదునుగా ఉండాల్సిన సంచి దిండులా లేచి ఉంటుంది. పక్క నుంచి తీసిన ఒక్క ఫొటో చాలు. అయితే కంపెనీ వైపు నుంచి రెండు జవాబులు రావచ్చు. ఒకటి: ‘దెబ్బ తగలడం వల్లే బ్యాటరీ ఉబ్బింది’. అలాంటప్పుడు ఫ్రేము మీద ఆ దెబ్బ గుర్తేదో చూపించమని అడగాలి. రెండోది: ‘బ్యాటరీ వాడకంతో అరిగే వస్తువు, వారంటీలోకి రాదు’. ఇది సగం నిజం. వారంటీల్లో బ్యాటరీలను అరిగే భాగాలుగా పక్కన పెడతారు, నిజమే. కానీ చాలావాటిలో ఆ వాక్యం చివర ‘తయారీ లోపం వల్ల పాడైతే తప్ప’ అనే అర్థం వచ్చే మాట కూడా ఉంటుంది. సామర్థ్యం తగ్గడం అరుగుదల. ఉబ్బి స్క్రీన్‌ని నెట్టెయ్యడం అరుగుదల కాదు. మీ వారంటీ కాగితంలో ఆ వాక్యాన్ని చివరి వరకూ చదివి, యథాతథంగా మీ లేఖలో రాయండి.

జిగురు వదిలేసినప్పుడు

బ్యాటరీ చదునుగానే ఉంది, ఫ్రేము మీద గీత లేదు, అయినా స్క్రీన్ లేచింది. ఇలాంటి కేసులే అన్నిటికంటే చిక్కు. చెమట, సబ్బు నీళ్లు, నూనె ఉన్న క్రీములు అంచుల్లోంచి దూరి జిగురు పట్టును తగ్గిస్తాయి. వేడి దాన్ని మెత్తబరుస్తుంది. రిపేరు చేసేవాళ్లు స్క్రీన్ తీయడానికి ముందు అంచులను వేడి చేసేది అందుకే. గోడ మీది పోస్టర్ ఎలాగైతే మూలల దగ్గర మొదలై లేస్తుందో, ఇదీ అంతే: ఒక మూల వదిలితే మిగతాది త్వరగా వస్తుంది.

మరి లోపమా, వాడకమా? జిగురు గీతను దగ్గరగా చూస్తే కొంత తెలుస్తుంది. స్క్రీన్‌ని బలవంతంగా లాగకుండా, లేచినంత మేరకే టార్చ్ వేసి చూడండి. జిగురంతా ఫ్రేముకే ఉండి, అద్దం వైపు శుభ్రంగా, మెరుస్తూ ఉంటే (లేదా దానికి తలకిందులుగా ఉంటే) ఆ ఉపరితలానికి జిగురు సరిగా అతుక్కోలేదని అర్థం. తయారీలో దుమ్మో నూనో ఉండిపోయినా, నొక్కాల్సినంత నొక్కకపోయినా ఇలా అవుతుంది. తర్వాత తేమ దూరినా అవుతుంది. అదే జిగురు మధ్యలో చీలి, రెండు వైపులా పోగులు పోగులుగా మిగిలిందనుకోండి, అతుకు బాగానే ఉండి ఏదో బలం దాన్ని లాగేసిందని అర్థం. ఆ బలం బ్యాటరీ కావచ్చు, బయటి దెబ్బ కావచ్చు. జిగురుల మీద పనిచేసే ఇంజనీర్లు అతుకు ఎందుకు విఫలమైందో పరిశీలించేటప్పుడు మొదట చూసేది ఈ తేడానే. ఒక్క దీంతోనే కేసు గెలవకపోవచ్చు. కానీ ‘జిగురు గీత ఎలా వదిలిందో మీ టెక్నీషియన్ రిపోర్టులో రాశారా?’ అని అడిగితే, అవతలివాళ్లు అచ్చు వాక్యం పంపి ఊరుకోవడం కష్టమవుతుంది.

జిగురు కేసుల్లో వయసు లెక్కలోకి వస్తుంది. కొన్న ఏడాదిలోపే, నీళ్లలో వాడవచ్చని చెప్పి అమ్మిన వాచీకి జిగురు వదిలితే, చెమట వల్ల అన్న జవాబు నాకు న్యాయంగా అనిపించదు. చేతికి పెట్టుకునే వస్తువుకు చెమట తగలడం మామూలు వాడకమే. నాలుగేళ్ల వాచీకి అయితే అదే జవాబు ఒప్పుకోవాల్సి ఉంటుంది. ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ వాచీని ఇదివరకు ఎప్పుడైనా తెరిచారా? ఒకసారి తెరిచి మూసిన వాచీలో జిగురు పట్టీ కొత్తది వేయకపోతే మళ్లీ ఊడే అవకాశం ఎక్కువ. తెరిచింది కంపెనీ సర్వీస్ సెంటరే అయితే మీ వాదనకు బలం, బయటి షాపు అయితే వాళ్ల వాదనకు.

దెబ్బ తగిలినప్పుడు, తగిలిందని అన్నప్పుడు

దెబ్బకు సాధారణంగా ఒక చిరునామా ఉంటుంది. ఫ్రేము మీద సొట్ట, పెచ్చు, లేదా పగుళ్లన్నీ ఒక్క బిందువు నుంచి బయల్దేరిన ఆకారం. అద్దం పగలకుండా, ఫ్రేము నలగకుండా స్క్రీన్ ఒక్కటే సమంగా లేవడం దెబ్బ వల్ల జరగడం అరుదు. ఇంతవరకూ కంపెనీ టెక్నీషియన్లు కూడా ఒప్పుకుంటారు. తగువంతా పగుళ్ల దగ్గర వస్తుంది. పగులు ఉంటే చాలు, ‘కింద పడేశారు’ అని తేల్చేస్తారు.

పగులు కనబడగానే ఆ మాట అనేయకూడదని చూపించే ఉదాహరణ ఉంది. స్క్రీన్లు వాటంతటవే పగులుతున్నాయనీ, ఊడుతున్నాయనీ 2018లో అమెరికాలో ఆపిల్ మీద దావా పడింది. లోపాన్ని ‘ప్రమాదవశాత్తు జరిగిన నష్టం’ అని చెప్పి కంపెనీ వారంటీ నిరాకరిస్తోందన్నది అందులో ఒక ఆరోపణ. మరుసటి ఏడాది, 2019 ఆగస్టులో, ఆపిల్ ఒక ఉచిత స్క్రీన్ మార్పిడి కార్యక్రమం ప్రకటించింది. అల్యూమినియం సిరీస్ 2, సిరీస్ 3 వాచీల్లో చాలా అరుదుగా స్క్రీన్ గుండ్రటి అంచు వెంబడి పగులు రావచ్చనీ, అది ఒక పక్క మొదలై చుట్టూ పాకవచ్చనీ కంపెనీయే చెప్పింది. 2016 సెప్టెంబరు నుంచి 2019 సెప్టెంబరు మధ్య అమ్మినవాటికి ఇది వర్తించింది. దావాకూ దీనికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. ఒక పక్క అంచు వెంబడి పాకే పగులు తయారీ వైపు నుంచి కూడా రావచ్చని ఒక పెద్ద కంపెనీ కాగితం మీద ఒప్పుకుందన్నదే ఇక్కడ పనికొచ్చే విషయం. మీ వాచీకి ఇలాంటి కార్యక్రమం ఏదైనా ఉందేమో సీరియల్ నంబరుతో కంపెనీ సపోర్ట్ పేజీలో వెతకడం ఎప్పుడూ మొదటి పనుల్లో ఒకటిగా పెట్టుకోండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు అన్నిసార్లూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

‘వాటర్ డ్యామేజ్’ అనే మాట ఇంకో తంటా. స్క్రీన్ లేచి సీల్ తెరుచుకున్న వాచీలోకి గాల్లోని తేమ, చేతి చెమట చేరడం సహజం. లోపల తడి గుర్తు కనిపించిందంటే సీల్ పోయిందని తెలుస్తుంది. సీల్ ఎందుకు పోయిందో తెలియదు. తడి స్క్రీన్‌ని ఊడదీసిందా, ఊడిన స్క్రీన్ తడిని రానిచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు లేకుండా వారంటీ నిరాకరిస్తే, అదే ప్రశ్న రాతలో అడగాలి.

మొదటి గంట

ముందు ప్రాణం, తర్వాత రుజువు. వాచీని చేతి నుంచి తీసేయండి. చార్జింగ్‌లో ఉంటే ఆపేయండి, వీలైతే స్విచ్ ఆఫ్ చేయండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే నొక్కకండి, గుచ్చకండి, మంటలంటుకునే వస్తువులకు దూరంగా గచ్చు మీదో రాతి పలక మీదో పెట్టండి. ఏదో రసాయనం లాంటి తియ్యటి వాసన వస్తుంటే సంచి చిల్లు పడిందని అనుమానించాలి. అలాంటప్పుడు ఫొటోల సంగతి తర్వాత, ముందు మనుషులు దూరంగా జరగాలి.

తర్వాత ఫొటోలు. పై నుంచి తీసిన ఫొటో ఎవరికీ పనికిరాదు. పక్క నుంచి, స్క్రీన్‌కీ ఫ్రేముకీ మధ్య సందు కనబడేలా తీయాలి. ఫ్రేము నాలుగు పక్కలూ విడివిడిగా, వెలుతురు ఏటవాలుగా పడేలా తీస్తే సొట్టలు లేవన్న సంగతి కనిపిస్తుంది. లేచిన చోట జిగురు గీత, కనిపిస్తే బ్యాటరీ, వెనకున్న సీరియల్ నంబరు. ఆపకుండా తీసిన ఒక చిన్న వీడియోలో ఇవన్నీ వరసగా వస్తే ఇంకా మంచిది, అది వేరే వాచీ అనడానికి వీలుండదు. స్క్రీన్ పూర్తిగా విడిపోయి కేబుల్ మీద వేలాడుతుంటే ఒక పల్చటి అట్టముక్క ఆసరాగా పెట్టి, కదలకుండా ఉంచండి. ఆ కేబుల్ తెగిందంటే వారంటీలో రావాల్సిన వాచీకి నిజంగానే ఫిజికల్ డ్యామేజ్ తోడవుతుంది.

చేయకూడని పని ఒకటుంది, చాలామంది చేసేది అదే: ఇంట్లో ఉన్న సూపర్ గ్లూ పూసి నొక్కేయడం. బ్యాటరీ ఉబ్బి ఉంటే అది ప్రమాదం. ఉబ్బకపోయినా, గట్టిపడిన ఆ గమ్ కింద అసలు జిగురు గీత కనబడకుండా పోతుంది. సర్వీస్ సెంటర్‌లో ‘అనధికారికంగా తెరిచారు’ అని రాయడానికి మనమే అవకాశం ఇచ్చినట్టు. మొదటికే మోసం వస్తుంది.

వాచీని కంపెనీకి పంపేముందు ఫోన్‌లోని యాప్ నుంచి డేటా బ్యాకప్ తీసుకుని, మీ ఖాతా నుంచి విడదీయండి. స్క్రీన్ పని చేయకపోయినా చాలా వాచీలకు ఈ పని ఫోన్ నుంచి చేయవచ్చు. కొరియర్‌లో పంపాల్సి వస్తే బ్యాటరీ ఉబ్బిన సంగతి ముందే చెప్పాలి. పాడైన లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఇది దాచి పంపితే ప్రమాదం మీదొక్కరిదే కాదు. పైగా ‘ఉబ్బిన బ్యాటరీ ఉంది, ఎలా పంపాలి?’ అని మీరు రాసిన మెయిల్, వాచీ మీ చేతిలో ఉండగానే బ్యాటరీ ఉబ్బిందనడానికి తేదీతో సహా సాక్ష్యం.

కౌంటర్ దగ్గర

వాచీ ఇచ్చేటప్పుడు వాళ్లు రాసే జాబ్ షీట్ మీద సంతకం పెడతాం. చాలామంది చదవకుండా పెడతారు, టెన్షన్‌లో ఉంటారు కాబట్టి. అందులో ‘వాచీ పరిస్థితి’ అనే గడిలో ఏం రాశారో చూడండి. ‘స్క్రీన్ డ్యామేజ్’ అని రెండు మాటలు రాసి ఉంటే ఒప్పుకోకండి. ‘స్క్రీన్ ఎడమ పక్క లేచి ఉంది, అద్దం పగల్లేదు, ఫ్రేము మీద సొట్టలు లేవు’ అని రాయించండి. వాళ్లు రాయనంటే మీ చేత్తో రాసి సంతకం చేసి, దాని ఫొటో తీసుకోండి. వాచీ మీద పాత గీతలు ఉంటే దాచనక్కర్లేదు. గీతలు వారంటీలోకి రావు, నిజమే. కానీ గీత ఉన్నంత మాత్రాన స్క్రీన్ ఊడటానికి అదే కారణం అయిపోదు.

నిరాకరణ వస్తే ఫోన్‌లో వాదించకండి. కాల్ సెంటర్‌లో మాట్లాడే వ్యక్తి వాచీని చూసి ఉండరు, వాళ్ల మీద కోప్పడి ప్రయోజనం లేదు. ఇలా రాయండి:

‘నా వాచీకి వారంటీ వర్తించదని తేదీతో సహా తెలిపారు. ఏ నష్టాన్ని గుర్తించారు, అది వాచీలో ఏ భాగంలో ఉంది, స్క్రీన్ ఊడటానికి అదే కారణమని ఎలా నిర్ధారించారు అన్నది ఫొటోలతో సహా తెలియజేయండి. బ్యాటరీ మందం, జిగురు పరిస్థితి పరిశీలించారా లేదా చెప్పండి. నేను ఇచ్చిన రోజు తీసిన ఫొటోలు జతచేస్తున్నాను. నా రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగమూ మార్చవద్దు, పారవేయవద్దు.’

చివరి వాక్యం చాలా ముఖ్యం. డబ్బులిచ్చి రిపేరు చేయించుకుని తర్వాత పోరాడదామనుకుంటే, పాత స్క్రీన్, పాత బ్యాటరీ కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. వాటితో పాటే మీ రుజువు కూడా. వాచీని రిపేరు లేకుండా వెనక్కి ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. ఉబ్బిన బ్యాటరీని భద్రత కోసం తిరిగి ఇవ్వలేమంటే, అది సబబే. అప్పుడు దాని ఫొటో, కొలత అడిగి తీసుకోండి.

మరమ్మతు ఎందుకు, వాచీ మార్చి ఇస్తాం అన్న మాట కూడా వినిపిస్తుంది. స్మార్ట్‌వాచీల్లో చాలావరకు విప్పి బాగుచేయడానికి అనువుగా తయారు కావు. 2022లో వచ్చిన మొదటి పిక్సెల్ వాచ్ విషయంలో, పగిలిన వాచీకి రిపేరు సదుపాయమే లేదని మరుసటి ఏడాది గూగుల్ స్వయంగా చెప్పింది. వారంటీ నిరాకరించినప్పుడు చెప్పే ధర అంత ఎక్కువ ఉండటానికి ఇదొక కారణం. వాళ్లు అడిగేది జిగురు పట్టీ ఖర్చు కాదు, మొత్తం వాచీ ఖర్చు.

వారంటీ వేరు, చట్టం వేరు

వారంటీ కంపెనీ తనంతట తాను ఇచ్చే మాట. దానికి హద్దులు కంపెనీయే గీస్తుంది. చాలా దేశాల్లో దానితో సంబంధం లేకుండా కొనుగోలుదారుకు చట్టం ఇచ్చే హక్కులు ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే ‘వారంటీ అయిపోయింది’ అనగానే చేతులెత్తేస్తాం.

ఐరోపా సమాఖ్యలో కొత్త వస్తువుకు కనీసం 2 ఏళ్ల చట్టబద్ధ హామీ ఉంటుంది. బాధ్యత అమ్మినవారిది. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటి నుంచీ ఉందనే భావిస్తారు, లేదని రుజువు చేయాల్సింది అమ్మినవారే. కొన్ని దేశాలు ఆ గడువును ఇంకా పెంచుకున్నాయి. బ్రిటన్‌లో 2015 వినియోగదారు హక్కుల చట్టం ప్రకారం ఆ వెసులుబాటు మొదటి 6 నెలలకు ఉంటుంది, మొదటి 30 రోజుల్లో అయితే లోపం ఉన్న వస్తువును తిప్పి ఇచ్చేసి డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆస్ట్రేలియా చట్టం గడువును నెలల్లో చెప్పదు. ఆ ధరకు, ఆ రకం వస్తువు ఎంతకాలం మన్నాలని సామాన్యుడు ఆశిస్తాడో అంతకాలం మన్నాలంటుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనడం దాని ప్రకారం కుదరదు. ‘స్టిక్కర్ చిరిగితే వారంటీ పోతుంది’ లాంటి రాతల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు కంపెనీలను హెచ్చరించింది. భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే చోటే కేసు వేయవచ్చు, దానికి గడువు 2 ఏళ్లు. పరీక్ష చేస్తే గానీ లోపం తేలదనుకుంటే కేసు వినే వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ల్యాబ్‌కి పంపించగలదు. స్క్రీన్ ఊడిన కేసుకు ఇది చాలా విలువైన వెసులుబాటు, వాచీ తెరవకుండా, భాగాలు మార్చకుండా ఉంచుకున్నవారికి మాత్రమే.

ఈ చట్టాలన్నిటి వెనకా నాకు నచ్చే ఆలోచన ఒకటుంది. వాచీని తెరిచి చూసే పనిముట్లు, అదే మోడల్‌లో ఇంకెన్ని ఇలా వచ్చాయో చెప్పే లెక్కలు, నిపుణులు, అన్నీ ఉన్నది కంపెనీ దగ్గర. కొన్నవాడి దగ్గర ఉన్నది ఒక వాచీ, ఒక బిల్లు. కాబట్టి కనీసం మొదటి నెలల్లో రుజువు భారం కంపెనీ వైపు ఉండటమే న్యాయం. ఆ వెసులుబాటు లేని చోట కూడా, కారణం చూపించమని రాతలో అడగడం ద్వారా ఆ భారంలో కొంత వాళ్ల మీదికి మార్చవచ్చు.

అడగాల్సింది ఎవరిని అన్నది కూడా తేల్చుకోవాలి. వారంటీ తయారీదారు ఇచ్చింది, చట్టబద్ధ హామీ చాలాచోట్ల అమ్మినవారిది. తయారీదారు కాదన్న తర్వాత దుకాణానికో, ఆన్‌లైన్‌లో అమ్మిన సంస్థకో విడిగా రాయడం మర్చిపోకండి. కార్డుతో కొని ఉంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే మార్గం ఉండవచ్చు, దాని గడువు మాత్రం తక్కువ. కంపెనీలో పై స్థాయి ఫిర్యాదుల అధికారికి ఒక లేఖ, జవాబుకు ఒక గడువు, ఆ తర్వాతే వినియోగదారుల సంస్థ. ఈ వరస పాటిస్తే ప్రతి మెట్టు దగ్గరా చేతిలో ఒక కాగితం ఉంటుంది.

దెబ్బ నిజంగా తగిలి ఉంటే మాత్రం ఇదంతా వద్దు. తగిలిందని మనకే తెలిసినప్పుడు లోపమని వాదించడం, నిజంగా లోపం ఎదురైన తర్వాతి మనిషి మాటకు విలువ తగ్గిస్తుంది. వారంటీ దాటిన పాత వాచీకి మంచి స్వతంత్ర రిపేరు షాపు చూసుకోవచ్చు. బ్యాటరీ, జిగురు పట్టీ రెండూ కొత్తవి వేస్తారా, వేసిన తర్వాత సీల్‌ని ప్రెషర్ పరీక్ష చేస్తారా అని అడగండి. ‘చేయం’ అంటే ఆ వాచీని అక్కడి నుంచి నీళ్లకు దూరంగా వాడుకోవాలి.

వాచీ మార్చి ఇచ్చారనుకోండి, కొత్తదాని వారంటీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని అనుకోకండి. మారిన వాచీకి సాధారణంగా పాత వారంటీలో మిగిలిన కాలమో, 90 రోజులో, ఏది ఎక్కువైతే అది అన్న నియమం పెడతారు. ఇచ్చింది కొత్తదా, రీఫర్బిష్ చేసిందా (అంటే పాతదాన్ని బాగుచేసి ఇచ్చిందా) అన్నది కూడా కాగితం మీద రాసి ఉంటుంది. కౌంటర్ వదిలి రాకముందే దాని సీరియల్ నంబరు, మీకిచ్చిన కాగితం మీది నంబరు ఒకటేనో కాదో చూసుకుని, అంచులు నాలుగు పక్కలా ఒకసారి ఫొటో తీసి పెట్టుకోండి.